పిల్ల వాటా ఎంత?

నాలుగేళ్ల కిందటి మాట. గోదావరి ఏజెన్సీలో ఒక గూడెం. చింతచెట్టు కింద పంచాయితీ కూర్చుంది. ఆలుమగలు ఇక కలిసి ఉండలేమన్నారు. పెద్దలు రెండు పూటలు నచ్చజెప్పి చూశారు, కుదరలేదు. సరే, తెగతెంపులు చేసుకోండన్నారు. మగమనిషిది తప్పని తేల్చి 20,000 రూపాయలు తప్పు కట్టమన్నారు. విడిపోతానని ముందుగా అడిగింది ఆడమనిషి గనుక, పెళ్లినాడు ఆమె పుట్టింటివాళ్లు తీసుకున్న ఓలి 8,000 అందులోంచి తీసేయాలన్నారు. పోగా మిగిలింది 12,000. అతను ఎగ్గొట్టలేదు. అన్న దగ్గర కొంత, షావుకారు దగ్గర కొంత అప్పు తెచ్చి, ఆ సాయంత్రమే పెద్దల ముందు లెక్కపెట్టి ఇచ్చాడు. మాలో ఒకరు అక్కడే ఉన్నారు. చదువుకున్నవాడివి, కాగితం నువ్వే రాయమన్నారు. ఈ రోజు నుంచి ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని, ఏ బాకీ లేదని రాసి, ఇద్దరి చేత వేలిముద్రలు వేయించాం.

అందరూ లేవబోతుండగా ఆడమనిషి తల్లి అడిగింది: "పటేలా, మరి పిల్లకేం రాశారు?"

వాళ్లకు ఏడేళ్ల ఆడపిల్ల ఉంది. పంచాయితీ జరిగినంతసేపూ అక్కడే మట్టిలో ఆడుకుంటోంది. పటేలు కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక అన్నాడు: "పిల్ల తల్లి దగ్గరే ఉంటది గదమ్మా. దానికి వేరే ఏం రాయాలి?"

ఆ మాటకు ఎవరూ బదులు చెప్పలేదు. కాగితం రాసినవాళ్లం మేమూ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాం. పిల్లకు అప్పుడు 7 ఏళ్లు. 18 నిండేదాకా 11 ఏళ్లు, అంటే 132 నెలలు. ఆ 12,000 మొత్తాన్నీ తల్లి పైసా ముట్టకుండా పిల్లకే పెట్టినా నెలకు 91 రూపాయలు. రోజుకు 3 రూపాయలు. ఒక కోడిగుడ్డు రాదు. ఆ రోజు ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పెద్దలు పక్షపాతం చూపలేదు. తండ్రి మాట తప్పలేదు. అందరూ కట్టుబాటు ప్రకారమే నడిచారు. అయినా ఒక పిల్ల నష్టపోయింది. ఎవరూ తప్పు చేయని చోట జరిగిన అన్యాయాన్ని ఎలా చూడాలి? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఇదే.

ముందుగా మన కట్టుబాటు గురించి న్యాయంగా మాట్లాడుకోవాలి. కోయ గూడెంలో పెద్దలు కావచ్చు, గోండు గూడెంలో పట్ల కావచ్చు, తండాలో నాయక్ కావచ్చు, మన పంచాయితీల్లో కొన్ని మంచి గుణాలున్నాయి. ఇష్టంలేని కాపురంలో ఆడమనిషిని ఏళ్ల తరబడి కట్టేసి ఉంచరు. విడిపోయినదాన్ని చెడిపోయినదని చూడరు. మారుమనువు చేసుకోనిస్తారు. విడిపోయినవాళ్ల పిల్లల్ని వేలెత్తి చూపే అలవాటు మన గూడేల్లో తక్కువ. బయటి సమాజం ఇప్పటికీ నేర్చుకోవలసిన విషయాలివి.

అయితే మన పంచాయితీ కొలత ఏమిటి? ఎవరిది తప్పు, ఎవరు ముందు వదిలారు, ఓలి ఎంత, పెళ్లి ఖర్చు ఎంత. ఇవన్నీ పెద్దవాళ్ల మధ్య లెక్కలు. ఒక ఇంటికి, ఇంకొక ఇంటికి మధ్య లెక్కలు. పిల్ల ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు అంటారు. పంచాయితీ ఆబోతుల గాయాలకు మందు రాసి పంపుతోంది, లేగ సంగతి మరిచిపోతోంది.

ఒకప్పుడు అలా మరిచిపోయినా పెద్దగా నష్టం ఉండేది కాదేమో. పోడు ఉండేది. జొన్నో సామో ఇంట్లో ఉండేది. దుంపలు, ఇప్పపువ్వు, తేనె అడవి ఇచ్చేది. పిల్ల అమ్మమ్మ ఇంట్లో తినేది, మేనమామ ఇంట్లో పడుకునేది. పిల్లను పెంచడానికి చేతులు కావాలి గాని రూపాయలు అక్కర్లేదు. ఇప్పుడు బియ్యం కొంటున్నాం, నూనె కొంటున్నాం. జ్వరం వస్తే ఆటోకు డబ్బు కావాలి. నోటుపుస్తకం, చెప్పులు, సబ్బు, అన్నీ సంతలో కొనాల్సిందే. పిల్ల బతుకు రూపాయల్లోకి మారింది. పంచాయితీ లెక్క మాత్రం మారలేదు.

మరి చట్టం ఎలా లెక్క కడుతుంది? మన యువతలో చాలామందికి ఇక్కడ ఒక పొరపాటు ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే వర్తిస్తుందని ఆ చట్టం రెండో సెక్షనే చెబుతుంది. అది నిజం. దాన్ని పట్టుకుని "మనకు కోర్టు లేదు, మన పంచాయితీయే కోర్టు" అంటారు. అది నిజం కాదు. పిల్లల మనోవర్తి కోసం వేరే చట్టం ఉంది. మొన్నటిదాకా అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. దీనికి కులం, మతం, తెగ తేడా లేదు. పెళ్లి రిజిస్టరైందా, కట్టుబాటు ప్రకారం జరిగిందా, అసలు జరిగిందా లేదా అన్నది కూడా పిల్ల హక్కుకు అడ్డం కాదు. తల్లిదండ్రులకు పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకూ తండ్రి నుంచి పోషణ అందాలని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. పనుల కోసం ఏజెన్సీకి వచ్చి, మన ఆడపిల్లలతో కాపురం చేసి, బిడ్డ పుట్టాక కొండ దిగిపోయిన మైదానం మగవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఈ మాట మన ఆడపిల్లలకు తెలియాలి.

ఎంత ఇవ్వాలన్నది చట్టంలో అంకెగా రాసి లేదు. ఒకప్పుడు నెలకు 500 మించకూడదన్న పరిమితి ఉండేది. 2001 సవరణతో అది పోయింది. 2020 నవంబరులో రజనీష్, నేహల కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. పిల్లల తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు చూడాలి. ఇద్దరి సంపాదన శక్తినీ చూడాలి. డబ్బు తీర్పు రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్కించాలి. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి అడిగితే, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. తల్లి తాను ఉంటున్న చోటి కోర్టులోనే వేసుకోవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి, ఆడవాళ్లకు, పిల్లలకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతన్నది చూడరు.

కొన్ని దేశాల్లో న్యాయమూర్తి విచక్షణకు ఇంతగా వదలకుండా అంకె ముందే రాసి పెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో సాధారణంగా ఒక బిడ్డకు ఆదాయంలో 17 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 29. బ్రిటన్‌లో మధ్యస్థ ఆదాయం ఉన్నవారికి ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకు మించితే 19. బిడ్డ ఏడాదిలో ఎన్ని రాత్రులు తండ్రి దగ్గర పడుకుంటుందో లెక్కపెట్టి ఆ మేరకు తగ్గిస్తారు. ఇందులో ఒక మంచి ఉంది. బేరం ఉండదు. గట్టిగా మాట్లాడేవాడికి తక్కువ, నోరు లేనివాడికి ఎక్కువ పడదు.

కాని ఆ శాతాన్ని మన గూడేనికి తెచ్చి చూడండి. 2024-25లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఒక మనిషికి 100 రోజులూ పని దొరికిందనే అనుకుందాం. ఏడాదికి 30,000, నెలకు 2,500. అందులో 17 శాతం 425 రూపాయలు. 12 శాతమైతే 300. నెలంతా పిల్లను పెంచడానికి 300! పైగా మన ఆదాయం నెలజీతం కాదు. తునికాకు ఎండాకాలంలో కొద్ది రోజులే. మిరపకోతల కూలి ఒక కారు. చింతపండు, జీడిగింజలు ఒక కారు. శ్రావణంలో చేతిలో పైసా ఉండదు. శాతం అంటే దేనిలో శాతం? తండ్రి జేబు దగ్గర మొదలైన లెక్క, జేబు ఖాళీగా ఉన్న నెలలో పిల్ల కంచాన్నీ ఖాళీగానే ఉంచుతుంది.

అందుకే మేమనేది, లెక్క పిల్ల కంచం దగ్గర మొదలు కావాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. రేషన్ బియ్యం పోను పిల్ల తిండికి, బట్టకు, మందులకు, బడి ఖర్చులకు నెలకు 2,000 అవుతుందనుకుందాం. ఏడాది మొత్తం మీద సర్దితే తండ్రి సంపాదన నెలకు 6,000, తల్లిది 4,000 అనుకుందాం. ఇద్దరి సంపాదనలో తండ్రిది పదింట ఆరు పాళ్లు, తల్లిది నాలుగు పాళ్లు. ఖర్చునూ అలాగే పంచితే తండ్రి వాటా 1,200, తల్లి వాటా 800. ఏడాదికి తండ్రి ఇవ్వాల్సింది 14,400. దీన్ని నెలనెలా సమానంగా అడగనక్కర్లేదు. తునికాకు డబ్బులు అందినప్పుడు 5,000, పంట ఇంటికి వచ్చినప్పుడు 4,600, మిగిలిన 4,800 నెలకు 400 చొప్పున. కొంత వడ్లుగానో కందులుగానో ఇచ్చినా సరే, ఆనాటి సంత ధర ప్రకారం కాగితంలో రాసుకోవాలి. ఇంటింటికీ అంకెలు మారతాయి. పద్ధతి మాత్రం ఇదే: మొదట పిల్ల అవసరం, తర్వాత ఇద్దరి శక్తి, చివరికి డబ్బు చేతికొచ్చే కాలం.

ఈ లెక్కలో కూడా ఒకటి తప్పిపోతోంది. పిల్లను కనిపెట్టుకుని ఉండేది తల్లి. నీళ్లు మోసేది, వండేది, జ్వరం వచ్చిన రాత్రి మేలుకునేది, ఆ మర్నాడు కూలి పోగొట్టుకునేది తల్లి. ఆ చాకిరీకి రూపాయల్లో వాటా వేయలేదు. కాబట్టి 1,200 అడిగితే తండ్రి మీద ఎక్కువ భారం వేశారని ఎవరైనా అన్నప్పుడు, తల్లి ఇస్తున్నది 800 మాత్రమే కాదని గుర్తుచేయాలి.

ఇక మా గూడేల్లో వినబడే అభ్యంతరాలు కొన్ని. మొదటిది: "పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఉంది. తిండి, బట్ట సర్కారే ఇస్తోంది. నేనెందుకివ్వాలి?" సర్కారు ఇచ్చేది పౌరుల బిడ్డగా పిల్లకు దక్కిన హక్కు. తండ్రి బాధ్యతకు అది బదులు కాదు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి పిల్ల ఇంటికి వస్తుంది. ఆ రోజుల్లో ఎవరి కంచంలో తింటుంది? హాస్టల్‌లో జ్వరం వస్తే ఎవరికి ఫోను వెళ్తుంది?

రెండోది: "ఇచ్చిన డబ్బు పిల్లకు పెడుతుందో, తనే తింటుందో." ఒకే ఇంట్లో తల్లికి ఒక కుండ, పిల్లకు ఒక కుండ పెట్టి వండరు. పొయ్యి ఒకటే, దీపం ఒకటే. తల్లి కడుపు మాడితే పిల్లకు మేలు జరగదు.

మూడోది: "పిల్లను చూడనివ్వడం లేదు, అందుకే ఇవ్వడం లేదు." చూడనివ్వకపోవడం తప్పే. తండ్రిని చూసే హక్కు పిల్లకూ ఉంది. దాని గురించి పంచాయితీలోనే అడగాలి. కాని పోషణ చూపు కోసం కొనే టిక్కెట్టు కాదు. పెద్దవాళ్ల పంతానికి పిల్లను పస్తు పెట్టకూడదు.

నాలుగోది కష్టమైనది: "నా దగ్గర నిజంగా లేదు." ఒళ్లు బాగున్న మనిషి, ఆదాయం లేదని చెప్పి తప్పించుకోలేడని, కూలిచేసైనా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు 2022లో అంజు గార్గ్ కేసులో మళ్లీ చెప్పింది. ఉత్తర్వును పాటించకపోతే బాకీపడ్డ ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరదు కూడా. ఈ మాటలు జీతం దాచేవాడి విషయంలో సరిగ్గా సరిపోతాయి. కాని పని దొరకని కూలివాణ్ణి జైల్లో పెడితే పిల్లకు బియ్యం రావు, వచ్చే కూలీ పోతుంది. ఇక్కడ మన పంచాయితీ కోర్టుకన్నా బాగా చేయగలదు. మనిషి తెలుసు, వాడి చేను తెలుసు, ఈ ఏడు వాన పడిందో లేదో తెలుసు. నిజంగా లేనివాడి దగ్గర పనిరూపంలో తీసుకోవచ్చు: తల్లి చేను దున్నిపెట్టడం, ఇల్లు కప్పించడం, కట్టెలు తెచ్చివేయడం. లేనితనం వాటాను వాయిదా వేస్తుందేమో గాని, చెరిపేయదు.

అన్నిటికన్నా నొప్పి కలిగించే సంగతి మరొకటి ఉంది. అది చదువుకున్న మనవాళ్ల గురించి. కట్టుబాటు ప్రకారం గూడెంలో పెళ్లి చేసుకుంటారు. ఉద్యోగం వస్తుంది. పట్నంలో మరో కాపురం పెడతారు. మొదటి భార్య అడిగితే మళ్లీ ఆ కట్టుబాటునే అడ్డం పెట్టి, పెద్దలకు కొంత డబ్బు కట్టి, తెగతెంపుల కాగితం చూపిస్తారు. నెలజీతం ఉన్న మనిషి పోడు చేసుకునేవాడికోసం పుట్టిన కొలతతో తన బిడ్డను కొలిచాడన్నమాట. ఇది సంప్రదాయాన్ని కాపాడటం కాదు, సంప్రదాయం చాటున దాక్కోవడం. అలాంటి కాగితం బిడ్డ హక్కును తెంచలేదు. తల్లి తన నోటితో వద్దని వదులుకున్నా, బిడ్డ పోషణ హక్కు బిడ్డదే. ఒకరి వాటాను మరొకరు వదులుకోలేరు. పొలం విషయంలో మనకు ఈ సంగతి బాగా తెలుసు. అన్నదమ్ముడి వాటాను అమ్ముతూ ఎవడైనా వేలిముద్ర వేస్తే ఊరుకుంటామా? పిల్ల విషయంలో ఎందుకు ఊరుకుంటున్నాం?

మనోవర్తి అనగానే అది భార్యకిచ్చేదని, ఆమె గెలిచినట్టని, అతను ఓడినట్టని మనసులో పడిపోయింది. అందుకే తప్పు ఎవరిదన్న చర్చ పిల్ల దాకా పాకుతుంది. తల్లి లేచిపోయినా, తండ్రి తాగుబోతైనా, పిల్ల ఏ తప్పూ చేయలేదు. పిల్ల వాటా జరిమానా కాదు, దానం కాదు, పరిహారమూ కాదు. కలిసి ఉన్నన్నాళ్లూ ఎవరూ అడక్కుండా పెట్టిన ముద్ద అది. విడిపోయాక అదే ముద్ద దూరం నుంచి అందాలి.

కట్టుబాటు అంటే రాతిమీద చెక్కింది కాదు. పెద్దలు కూర్చుని కట్టుకున్నది. మళ్లీ కూర్చుని సరిచేసుకోవచ్చు. 1996 నాటి పెసా చట్టం మన సంప్రదాయాలను, తగవులు తీర్చుకునే మన పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాపాడుకోవడమంటే పిల్లలను వదిలేసిన చోటును కూడా కాపాడుకోవడం కాదు. గ్రామసభలో కూర్చుని కొన్ని మాటలు అనుకుంటే చాలు. తప్పు డబ్బు, ఓలి లెక్క ఒక కాగితం. పిల్ల లెక్క వేరే కాగితం. ఓలి బాకీని పిల్ల వాటాలోంచి కొయ్యకూడదు. ఒకేసారి మొత్తం కట్టి చేతులు దులుపుకోవడం ఉండకూడదు. ప్రతి రెండేళ్లకోసారి ఆ అంకెను మళ్లీ చూడాలి, పిల్ల పెరుగుతుంది, ధరలూ పెరుగుతాయి. ఇది కుదరని చోట, అంగీకరించని మనిషి దగ్గర, తల్లి కోర్టుకు వెళ్తే పెద్దలు అడ్డుపడకూడదు, వెలి వేయకూడదు. పంచాయితీ కోర్టుకు దారి కావాలి గాని గోడ కాకూడదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. విడిపోయిన ఇంటి పిల్ల మొదట మీకే కనబడుతుంది. సెలవులకు ఇంటికి వెళ్లడానికి జంకే పిల్ల, తండ్రి పేరు అడిగితే తలదించుకునే పిల్ల మీ తరగతిలో ఉంటుంది. ఆ పిల్ల పేరు ఇంకా తండ్రి రేషన్ కార్డులోనే ఉందేమో చూడండి. బియ్యం అక్కడ, ఆకలి ఇక్కడ అవుతున్న ఇళ్లు మేము చూశాం. పేరు మార్పించడానికి ఒక దరఖాస్తు రాసిపెట్టండి. న్యాయసేవాధికార సంస్థ ఎక్కడ ఉందో తల్లికి చెప్పండి. అది కూడా పాఠమే.

ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వస్తుంది. మొన్న ఎండాకాలం తల్లితోపాటు తునికాకు కోసింది. తండ్రి పక్క గూడెంలోనే ఉన్నాడు, చెడ్డవాడు కాదు. అడిగితే ఇచ్చేవాడేమో. అడగమని మేము రాసిన కాగితం చెప్పలేదు. పైగా బాకీ లేదని చెప్పింది. మేము ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడాం. ముందు నొచ్చుకున్నాడు, "అప్పుడే కట్టేశాను గదా" అన్నాడు. రోజుకు 3 రూపాయల లెక్క చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ ఏడు కందులు ఇంటికి వచ్చాక ఒక బస్తా పంపాడు.

ఒక బస్తాతో పిల్ల వాటా తీరలేదు. కాని మొదలైంది. ఈసారి చింతచెట్టు కింద కాగితం రాయమని మనలో ఎవరినైనా పిలిస్తే, పెద్దవాళ్ల పేర్లకన్నా ముందు పిల్ల పేరు రాద్దాం. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నను మరొక అమ్మమ్మ అడగాల్సిన పని లేకుండా చేద్దాం.